నాలుగో పేరా

మన్మథరావు అని పేరు పెట్టినప్పుడు వాళ్ల నాన్న ఏం ఆశపడ్డాడో తెలీదు గానీ, ఆ పేరు మోస్తున్న మనిషి ముప్పై ఒక్కేళ్లుగా నర్సీపట్నంలో విడాకుల పిటిషన్లు టైపు కొడుతున్నాడు. ఈ ముక్క అనని వాడు కోర్టు ఆవరణలో లేడు. కొత్తగా వచ్చిన జూనియర్ లాయరు మొదటి వారంలోనే అనేస్తాడు, అదేదో తనే కనిపెట్టినట్టు. మన్మథరావు ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే నవ్వుతాడు. మంచి మనిషి. ఉన్నదల్లా ఒక్కటే జబ్బు, తన చేతి కాగితంలో తప్పుండదని నమ్మకం.

ఆ నమ్మకం ఊరికే రాలేదు లెండి. సీనియర్ ప్లీడరు రామచంద్రమూర్తి గారి దగ్గర గుమస్తాగా చేరిన రోజు నుంచి ఇవాళ్టి దాకా, ఆయన దాఖలు చేసిన ఒక్క కాగితం కూడా కోర్టు ఆఫీసు నుంచి ఆక్షేపణతో వెనక్కి రాలేదు. మిగతా గుమస్తాల కాగితాలు తేదీ లేదనో, పేజీ నంబరు తప్పనో, వకాలత్తులో సంతకం లేదనో వారానికి రెండైనా రిటర్న్ అవుతాయి. మన్మథరావువి అవవు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పుకోడు. వాళ్లంతట వాళ్లు చెప్పుకునేలా చూస్తాడు.

దీని వెనక పెద్ద మంత్రమేమీ లేదు. ఒకసారి సరిగ్గా కుదిరిన కాగితాన్ని మళ్లీ మొదట్నుంచి ఎందుకు రాయడం అన్నది ఆయన పద్ధతి. కంప్యూటర్‌లో ఒక నమూనా ఉంది. పేర్లు మార్చు, ఊళ్లు మార్చు, తేదీలు మార్చు. మొదటి పేరాలో పెళ్లి ఎక్కడ, ఎప్పుడు. రెండో పేరాలో పెట్టుపోతలు. మూడో పేరాలో గొడవ ఎలా మొదలైందీ. ఇక నాలుగో పేరా ఇది: "అయినప్పటికీ పిటిషనరు కాపురము నిలబెట్టుకోవలెనను సదుద్దేశముతో సర్దుకుపోయి, ప్రతివాదితో కొంతకాలము అన్యోన్యముగా కాపురము చేసియున్నది."

ఈ వాక్యాన్ని ఆయన పాత రెమింగ్టన్ మిషను మీద మొదటిసారి కొట్టాడు. ఎవరి కేసుకో ఇప్పుడు గుర్తు లేదు. కానీ రాసిన రోజే దానిమీద మనసు పడ్డాడు. పిటిషను వేసిన ఆడమనిషి మంచిదని, ఓర్పు గలదని, తొందరపడి కోర్టుకు రాలేదని ఆ ఒక్క వాక్యంతో జడ్జిగారికి తెలిసిపోతుందని ఆయన ధీమా. మిషను పోయి కంప్యూటర్ వచ్చినా, జడ్జీలు పదిమంది మారినా, వాక్యం మాత్రం మారలేదు.

సత్యశ్రీ తండ్రిని వెంటబెట్టుకుని వచ్చింది జూలై నెలాఖరులో. రోలుగుంట దగ్గర పల్లె వాళ్లది. తండ్రి సింగన్నకు జీడితోట, కొంచెం చెరకు ఉన్నాయి. ఆ అమ్మాయి గ్రామ సచివాలయంలో ఉద్యోగం చేస్తోంది. తండ్రి చేతులు కట్టుకుని నిలబడ్డాడు, కూతురు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మా పిల్ల పెళ్లి రద్దు సేయించాల బాబూ" అన్నాడు సింగన్న.

"విడాకులా?" అన్నారు రామచంద్రమూర్తి గారు.

"కాదండి. రద్దు" అంది సత్యశ్రీ.

కథ ఇదీ. కిందటేడు శ్రావణంలో ఉపమాక వెంకన్న సన్నిధిలో నక్కపల్లి కుర్రాడు హేమసుందర్‌తో ఆ అమ్మాయికి పెళ్లయింది. కార్యానికి అయిదో రోజు ముహూర్తం పెట్టారు. మూడో రోజు పొద్దున్న అతను స్నానానికి వెళ్తే మంచం మీద ఫోన్ మోగింది, వీడియో కాల్. సత్యశ్రీ తీసింది. నాలుగేళ్ల పాప తెర నిండా మొహం పెట్టి "నాన్నా, ఎప్పుడొస్తావు?" అంది. అతనికి అంతకు ముందే ఒక పెళ్లయింది, విడాకులయ్యాయి, ఒక పాప ఉంది. ఇది తొలి సంబంధమని చెప్పి ఈ పెళ్లి చేశారు. తల తుడుచుకుంటూ వచ్చిన హేమసుందర్‌ని సత్యశ్రీ అడిగింది. అతను అబద్ధమాడలేదు. చెప్పొద్దని అమ్మ అందని మాత్రం చెప్పాడు. ఆ అమ్మాయి ఆ పూటే చేతిసంచీ పట్టుకుని పుట్టింటికి వచ్చేసింది. ఆ తర్వాత పెద్దమనుషుల మాటలతో, రేపు మాపు అనడంతో నెలలు గడిచిపోయాయి.

రామచంద్రమూర్తి గారు అంతా విని రెండు వేళ్లు చూపించారు.

"రెండు సంగతులమ్మా. మోసం తెలిసిన రోజు నుంచి ఏడాది లోపల కోర్టుకు రావాలి. తెలిసిన తర్వాత ఇష్టపడి అతనితో కాపురం చేసి ఉండకూడదు. ఈ రెంటిలో ఏది తప్పినా రద్దు రాదు. అప్పుడు విడాకులకే వెళ్లాలి."

"ఒక్క పూట కూడా ఉండనేదండి" అంది సత్యశ్రీ.

"విడాకులైతే తేలిక కదా. ఇద్దరూ ఒప్పుకుంటే పెద్దగా సాక్ష్యాలు కూడా అక్కర్లేదు."

"నక్కపల్లోళ్లూ అదే అంటన్నారండి." ఆ అమ్మాయి కాసేపు బల్ల మీది కాగితాల వైపు చూసింది. "సచివాలయంలో నేను అప్లికేషన్లు నింపుతానండి. పెళ్లి కానివారు, అయినవారు, విడాకులు, వితంతువు అని గళ్లుంటాయి. అందరికీ టిక్కు పెడతాను. నాది నింపాల్సొస్తే పెన్ను ఆగిపోతంది. విడాకులైనోళ్లు తక్కువని కాదండి. ఆళ్లకి జరిగింది, ఆళ్ల గడి ఆళ్లకుంది. నాకు జరగందానికి నేనెందుకు టిక్కు పెట్టాలి?"

మన్మథరావు టైపు ఆపి తలెత్తి చూశాడు. ముప్పై ఒక్కేళ్లలో గడి కోసం కోర్టుకు వచ్చిన మనిషిని ఆయన చూడలేదు.

చిక్కల్లా సాక్ష్యంతో వచ్చింది. హేమసుందర్ మొదటి పెళ్లి విడాకుల తీర్పు నకలు వేరే ఊరి కోర్టు నుంచి రావాలి. పెట్టుకున్న దరఖాస్తు నడుస్తూ నడుస్తూ, ఏడాది గడువు ముగిసే రోజు మధ్యాహ్నం పన్నెండుకు వచ్చింది. రామచంద్రమూర్తి గారు అప్పటికి మరో కేసులో వాదనకు నిలబడి ఉన్నారు. కరెంటు రెండుసార్లు పోయింది. నాలుగున్నర దాటితే కోర్టు ఆఫీసులో తీసుకోరు. మన్మథరావు నమూనా తెరిచాడు. పై నుంచి విడాకులన్న చోటల్లా రద్దు అని మార్చాడు, సెక్షను మార్చాడు, మూడో పేరా మొత్తం కొత్తగా కొట్టాడు. కొట్టి, ప్రింటు తీసి, కుట్టి, పేజీ పేజీకి పెన్సిలుతో చుక్క పెట్టి సత్యశ్రీ ముందుంచాడు.

"ఒకసారి సదువుకుంటానండి" అంది ఆ అమ్మాయి.

"సదివే టైమెక్కడిదమ్మా. నాలుగయిపోతంది. నేను కొట్టిన కాగితం ఇంతవరకూ రిటర్న్ రానేదు. సుక్క పెట్టిన కాడల్లా బేగి పెట్టీ."

పెట్టేసింది. రామచంద్రమూర్తి గారు కూడా వరండాలో నిలబడి, గౌను తీయకుండానే, గుమస్తా మీది నమ్మకంతో సంతకాలు చేశారు. నాలుగూ ఇరవైకి కట్ట లోపలికి వెళ్లింది. సత్యశ్రీ చేతులు జోడించింది. సింగన్న మన్మథరావు రెండు చేతులూ పట్టుకున్నాడు. ఆ సాయంత్రం ఆయన పెదబొడ్డేపల్లిలో తన ఇంటికి వెళ్తూ స్కూటరు మీద ఏదో పాట కూనిరాగం తీశాడంటే ఆశ్చర్యం లేదు.

నెల తర్వాత, వినాయక చవితి వెళ్లిన వారం, కేసు వాయిదాకు కాగితాలు సిద్ధం చేస్తూ ఆఫీసు కాపీ ముందేసుకున్నాడు. మొదటి పేరా బాగుంది. మూడో పేరా ఇంకా బాగుంది, పాప ఫోన్ చేసిన తేదీతో సహా ఉంది. దాని కింద నాలుగో పేరా ఉంది.

"అయినప్పటికీ పిటిషనరు కాపురము నిలబెట్టుకోవలెనను సదుద్దేశముతో సర్దుకుపోయి..."

మన్మథరావు మళ్లీ చదివాడు. కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడిచి మళ్లీ చదివాడు. జోడులో ఏ లోపమూ లేదు. మోసం తెలిశాక ఒక్క పూట కూడా ఉండని పిల్ల చేత, ఉన్నానని ప్రమాణం చేయించి సంతకం పెట్టించాడు. అవతలి లాయరు ఆ ఒక్క పేరా చదివి వినిపిస్తే చాలు, కేసు అక్కడితో సరి. పోనీ వెనక్కి తీసుకుని కొత్తది వేద్దామా అంటే ఏడాది దాటిపోయింది. చదువుకుంటానన్న పిల్లను చదవనివ్వనిది కూడా తనే.

ఆ రోజు మధ్యాహ్నం క్యారేజీ విప్పలేదు. ఇంటికి తీసుకుపోతే భార్య అడుగుతుందని అన్నం కాకులకు పెట్టేశాడు.

మనిషన్నాక ఇలాంటప్పుడు మొదట వచ్చేది మంచి ఆలోచన కాదు. అవతలి వాళ్లకు నోటీసు ఇంకా అందలేదు. ఇంటికి తాళం వేసి ఉందని తిరిగి వచ్చింది. కాబట్టి వాళ్లకు వెళ్లాల్సిన కాపీ కూడా కోర్టు కట్టలోనే ఉంది. కట్ట ఇంకా స్కానింగుకు పోలేదు. బెంచి క్లర్కు దేవుళ్లు ముప్పై ఏళ్ల స్నేహితుడు. ఒకసారి కట్ట చూస్తానంటే ఎందుకని అడగడు. మూడో పేజీ తీసి కొత్త మూడో పేజీ కుట్టడం అయిదు నిమిషాల పని. ఆ పేజీ మన్మథరావు అప్పుడే కొట్టేశాడు కూడా. అదే కాగితం, అవే అక్షరాలు, నాలుగో పేరా మాత్రం లేదు. కావలసిందల్లా దాని కింద సత్యశ్రీ సంతకం. ఫోన్ చేసి, చిన్న సంతకం ఉందమ్మా, ఒక్కసారి వచ్చి వెళ్లమన్నాడు.

మర్నాడు భోజనాల వేళ షేర్ ఆటోలో వచ్చింది. రామచంద్రమూర్తి గారు ఇంట్లో ఉన్నారు, ఆఫీసులో ఇంకెవరూ లేరు. మన్మథరావు కాగితం బల్ల మీద పెట్టి, చుక్క పెట్టిన చోట వేలు ఉంచాడు. ఆ అమ్మాయి వేలు పక్కకు జరిపింది.

"ఈసారి సదివే పెడతానండి" అంది.

చదివింది. తర్వాత దాఖలు చేసిన రోజు తనకిచ్చిన కాపీని, ఇంతవరకూ విప్పనిదాన్ని, సంచీలోంచి తీసి పక్కన పెట్టుకుంది. ఆ పని చేస్తుందని ఆయన అనుకోలేదు. ఒక్కో వరుస మీద వేలు పెట్టి పోలుస్తూ వచ్చి, నాలుగో పేరా దగ్గర ఆగింది.

"ఇది నేను సెప్పానా?"

"నేదమ్మా."

"మరెవులు సెప్పారు?"

మన్మథరావు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎవులూ సెప్పనేదు. అది ఎప్పుడూ ఉంటాది" అన్నాడు. ఇంకొక్క ముక్క దాచకుండా కట్ట సంగతీ, దేవుళ్లు సంగతీ, పేజీ మార్చే సంగతీ అన్నీ చెప్పేశాడు.

ఆ అమ్మాయి ఏడుస్తుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. రెండూ చెయ్యలేదు. కొత్త పేజీని నాలుగు మడతలు పెట్టి ఆయన చేతిలో పెట్టింది.

"దాసిపెట్టి పెళ్లి సేసారని కదండీ మనం కేసేసింది. మనవే దాసిపెట్టి కాగితం మారిస్తే ఎలాగండి? గెలిసినా నాకు భయమే. పెద్దాయనకి సెప్పండి. కేసు పోతే పోనీ."

పోతే పోనీ అన్నప్పుడు ఆ పిల్ల గొంతు వణికింది. ఆ వణుకు మన్మథరావుకి ఆ తర్వాత చాలా రోజులు వినిపిస్తూనే ఉంది.

సాయంత్రం రామచంద్రమూర్తి గారి ముందు నిలబడి చెప్పాడు. ఆయనది ముక్కు మీద కోపం. చిన్న చిన్న వాటికి ఫైళ్లు విసిరేస్తారు. ఇంత పెద్ద దానికి మాత్రం ఏమీ విసరలేదు. పిటిషను తీసి చదివి, కింద తన సంతకం దగ్గర వేలితో రెండుసార్లు కొట్టారు.

"ఇది కూడా చదవకుండా పెట్టిందే" అన్నారు.

తర్వాత దారి చెప్పారు. ఆ పేరా తొలగించడానికి అనుమతి ఇవ్వమని సవరణ పిటిషను వెయ్యాలి. ఒకసారి ఒప్పుకున్న మాటను ఇప్పుడు తీసేస్తానంటే కోర్టు ఊరుకోదు. అది మనసు మారి తీస్తున్నది కాదు, మొదట్నుంచీ ఆమె అనని మాటే అని రుజువు చెయ్యాలి. గుమస్తా అఫిడవిట్ ఇవ్వాలి, పిలిస్తే బోనెక్కి చెప్పాలి.

"నేను పొరపాటున కొట్టానంటే నమ్ముతారాండి?"

"నీ నోటిమాట ఎవరు నమ్ముతారయ్యా? ఆ నమూనాతో నువ్వు కొట్టినవి ఎన్ని ఉన్నాయి?"

ఎన్ని ఉన్నాయో మన్మథరావుకే తెలీదు. వెనక గదిలో ఇనప బీరువాలో ఆఫీసు కాపీలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. రెండు రోజులు దుమ్ములో కూర్చుని నలభై ఒక్కటి తీశాడు. కోర్టు నుంచి వాటి నకళ్లు తెప్పించడానికి నంబర్లు రాసుకోవాలి. రాసుకుంటూ చదివాడు. కొట్టడమే తప్ప చదవడం ఆయనకు అదే మొదటిసారి.

గంగులు అనే ఆయన కూతురి పిటిషనుంది. పెళ్లయిన పదకొండో రోజున మొగుడు చెయ్యి విరిచాడని మూడో పేరాలో ఉంది. నాలుగో పేరాలో సర్దుకుపోయి అన్యోన్యముగా కాపురము చేసియున్నది. కృష్ణదేవిపేట అమ్మాయిది ఇంకొకటి. తొమ్మిదో రోజున సామాను వీధిలోకి విసిరేశారు. ఆమె కూడా అన్యోన్యముగానే ఉంది. ఒకామె మొగుడు పెళ్లయిన నెలకే చెప్పకుండా ఎటో పోయాడు. మనిషే లేని ఇంట్లో ఆమె ఎవరితో అన్యోన్యంగా ఉందో మన్మథరావుకి అర్థం కాలేదు. అందరూ ఆయన బల్ల ముందు కూర్చున్నవాళ్లే. కొందరి మొహాలు గుర్తొచ్చాయి.

అఫిడవిట్ తనే కొట్టుకున్నాడు. "మన్మథరావు అను నేను ప్రమాణపూర్వకముగా తెలియజేయునది ఏమనగా" అన్న దగ్గర వేళ్లు ఆగిపోయాయి. వేల పేర్లు కొట్టిన చోట తన పేరు కొట్టడం కొత్తగా ఉంది. దానికి నమూనా లేదు.

సవరణ మీద వాదనల రోజు కార్తీకమాసంలో వచ్చింది. ఈలోగా అవతలి వాళ్లకు నోటీసు అంది, హేమసుందర్ తరఫు లాయరు హాజరయ్యాడు. ఆయన ఊరుకుంటాడా? పిటిషనరు చదువుకున్నది, గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నది, ప్రమాణం చేసి సంతకం పెట్టింది, ఇప్పుడు కేసు పోతుందని మాట మారుస్తోంది అన్నాడు. వినడానికి ఆ మాట నిజంలాగే ఉంది. సింగన్న వెనక బెంచీలో కూర్చుని తువ్వాలు నలుపుతున్నాడు.

జడ్జి అమ్మగారు మన్మథరావుని బోనులోకి రమ్మన్నారు. రోజూ ఆ బోను పక్కనుంచే కట్టలు పట్టుకుని తిరుగుతాడు. ఎక్కితే అంత ఎత్తుంటుందని తెలీదు.

ఆమె ముందు నలభై ఒక్క నకళ్లున్నాయి. పై నుంచి ఒకటి తీసి నాలుగో పేరా చదివారు. రెండోది తీశారు. మూడోది. ఏడో దానితో చదవడం ఆపారు.

"ఇవన్నీ మీరే టైపు చేశారా?"

"నేనేనండి."

"అన్నిట్లోనూ ఒక్క అక్షరం తేడా లేకుండా ఇదే వాక్యం ఉంది."

"అవునండి. అది నమూనాలో ఉంటాదండి. ఈ అమ్మాయి అనలేదండి. సదువుకుంటానంటే నేనే సదవనివ్వలేదండి."

"సరే. ఈ నలభై ఒక్క మందీ నిజంగా సర్దుకుపోయారా?"

మన్మథరావు బోను కర్రను పట్టుకున్నాడు.

"తెలీదండి."

"అడగలేదా?"

"అడగలేదండి. అడగాలని తోచలేదండి."

జడ్జి అమ్మగారు ఆయన వైపు కొంచెంసేపు చూశారు. కోపంగా చూస్తే బాగుండునని ఆయనకు అనిపించింది. తర్వాత సత్యశ్రీని లేవమన్నారు.

"చదవకుండా ఎందుకు సంతకం పెట్టారమ్మా?"

"తప్పేనండి. రోజూ పదిమందికి సెప్తానండి, సదివి పెట్టండని. నా కాడికొచ్చేసరికి గడువయిపోతందని పెట్టీసాను. కానీ నేను ఆ ఇంట్లో ఉన్నది మూడు రోజులేనండి. తెలిసిన పూటే వచ్చీసాను."

వారం రోజులకు ఉత్తర్వు వచ్చింది. ఆ వాక్యం పిటిషనరు మాట కాదనీ, ఇలాంటి పిటిషన్లలో యాంత్రికంగా చేరుతూ వచ్చినదనీ, దాన్ని తొలగించడానికి అనుమతిస్తున్నామనీ. ఆ మాట బెంచి క్లర్కు దేవుళ్లు వరండాలోకి వచ్చి చెప్పాడు. మన్మథరావు అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. రెండు నెలలుగా గుండెల మీదున్న బరువు దిగిపోయింది. లేవడానికి చెయ్యి అందించమని దేవుళ్లుని అడిగాడు. ముప్పై ఒక్కేళ్ల పేరు పోయింది కదా అన్నాడు దేవుళ్లు. పోతే పోనీ అన్నాడు మన్మథరావు, నిజంగానే.

ఆ తర్వాత కేసు ఆగలేదు. పాత విడాకుల తీర్పు నకలు చూపించి అడిగితే హేమసుందర్ బోనులో ఒప్పుకున్నాడు. "సెప్పీమని నేను అన్నానండి, అమ్మ వొద్దంది" అన్నాడు. పాప పేరేమిటని రామచంద్రమూర్తి గారు అడిగారు. వేదశ్రీ అని చెప్పాడు. ఏడాదిన్నరగా నలుగురిలో ఆ పేరు పలకలేదు కాబోలు, పలికాక అతని మొహం కూడా తేటపడింది. దిగి వెళ్తూ సత్యశ్రీకి నమస్కారం పెట్టాడు. ఆ అమ్మాయి ప్రతినమస్కారం పెట్టింది.

ఉగాదికి ముందు వారం తీర్పు వచ్చింది. పెళ్లి రద్దయింది.

తీర్పు నకలు తీసుకోవడానికి తండ్రీకూతుళ్లిద్దరూ వచ్చారు. మన్మథరావు కాగితాలు తెచ్చి ఇస్తే, సత్యశ్రీ వరండాలో బెంచీ మీద కూర్చుని మొదటి వరుస నుంచి మొదలుపెట్టింది.

"బేగి రాయే, ఆటో ఎల్లిపోద్ది" అన్నాడు సింగన్న.

"ఇంకోటొస్తాది నాన్నా. సదవనీ."

పదకొండు పేజీలు. ఒక్కో పేజీ తిప్పుతుంటే మన్మథరావు పక్కనే నిలబడి ఉన్నాడు, పరీక్ష పేపరు దిద్దించుకుంటున్న పిల్లాడిలా. తొందరపెట్టలేదు. ఆఖరి పేజీలో ముద్ర దాకా చదివి ఆ అమ్మాయి ఊపిరి వదిలింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు.

"తప్పుల్నేవండి" అంది నవ్వుతూ.

సింగన్న మొహం అటు తిప్పుకుని తువ్వాలుతో కళ్లొత్తుకున్నాడు. ఇక ఆటో సంగతి ఎత్తలేదు.

బయల్దేరబోతూ సత్యశ్రీ ఆఫీసులోకి తొంగిచూసింది. "ఆ పేరా ఇంకా ఉందాండి మీ కంప్యూటర్లో?"

ఉంది. నాలుగు నెలలుగా తీసేద్దామనుకుంటూనే చెయ్యి రాలేదు. ముప్పై ఒక్కేళ్ల అలవాటు మరి. మన్మథరావు ఆమె చూస్తుండగానే నమూనా తెరిచి, వాక్యాన్ని మొదట్నుంచి చివరి దాకా చెరిపేశాడు. మూడో అంకెకూ అయిదో అంకెకూ మధ్య ఖాళీ మిగిలింది.

ఉగాది వెళ్లిన సోమవారం పుష్పవతి అనే ఆమె వచ్చింది. నలభై దాటిన మనిషి, విడాకుల కేసు. రామచంద్రమూర్తి గారు విషయం విని గుమస్తాకు చెప్పమని పంపారు. పెళ్లి చెప్పింది, పెట్టుపోతలు చెప్పింది, మొదటి గొడవ చెప్పింది. మన్మథరావు టకటకా కొట్టుకుంటూ వచ్చి ఖాళీ దగ్గర ఆగాడు.

"ఆ తర్వాత కాపురం ఎలగుండేదమ్మా?"

"మీకు తెల్దేటి బాబూ. అందరికీ ఏటి రాస్తారో అదే రాసీండి."

"నాకు తెల్దమ్మా. మీరు సెప్తేనే తెలస్తాది."

పుష్పవతి ఆయన మొహంలోకి చూసింది. ఆయన వేళ్లు కీబోర్డు మీంచి తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"పందొమ్మిదేళ్లయింది బాబూ. ఎవులూ అడగనేదు" అని, చెంగు సర్దుకుని మొదలుపెట్టింది.

పూర్తయ్యేసరికి నాలుగో పేరా మూడు పేజీలు వచ్చింది. ఆమెకు చదువు రాదు. మన్మథరావు ప్రింటు తీసి, గొంతు సవరించుకుని, మొదటి అక్షరం నుంచి నెమ్మదిగా చదివి వినిపించాడు. ఒకచోట ఆమె చెయ్యెత్తింది.

"ఆరు నెల్లు కాదు బాబూ. ఏడు."

దిద్దాడు. మళ్లీ ప్రింటు తీసి, మళ్లీ మొదట్నుంచి చదివాడు. ఆమె అంతా విని, తలూపి, వేలిముద్ర వేసింది.